సముద్రానికి మన సెలవు తెలియదు



గత సంవత్సరం షవ్వాల్ మాసంలో ఒకనాటి సాయంత్రం, అస్ర్ నమాజు ముగించుకొని మదర్సా వసారాలో కూర్చున్న సమయాన ఒక తండ్రి తన కుమారునితో నా వద్దకు వచ్చారు. ఆ కుమారుడు బాల్యంలో నా దగ్గర నాజిరా చదివినవాడు; ఇప్పుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి ముఖంలో కోపం కన్నా దిగులే ఎక్కువగా కనిపించింది.

"మౌలానా సాబ్! వీడికి మీరైనా నచ్చజెప్పండి. సముద్రంలో పలక మీద నిలబడి ఆడుకోవడానికి మాల్దీవులకు వెళతాడట. అదీ మాలే పట్నానికి కాదు, అక్కడి నుండి ఇంకా దక్షిణాన ఎక్కడో ఉన్న దీవులకట. ఐదు రోజులలో వెళ్ళి వచ్చేస్తాడట" అన్నారాయన.

కుమారుడు తల వంచుకొని, "హజ్రత్! దానిని సర్ఫింగ్ అంటారు. విశాఖపట్నంలో మూడేళ్ళుగా, వీలు దొరికినప్పుడల్లా వెళ్ళి నేర్చుకుంటున్నాను. అబ్బా ఒప్పుకోకుండా వెళ్ళను. ఎందుకు వద్దంటున్నారో మాత్రం తెలుసుకోవాలని ఉంది" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దానికి కారణం ఉంది. నేను విద్యార్థిగా ఉన్న కాలంలో మేము కొందరం కలిసి ఒక బస్సులో సముద్ర తీరానికి వెళ్ళాము. తిరుగు ప్రయాణానికి అందరూ బస్సు ఎక్కుతున్న సమయంలో మా సహపాఠి ఒకడు, "ఇంత దూరం వచ్చి నీటిలో దిగకుండా పోతామా? ఒక్క క్షణంలో వస్తాను" అని పరుగున వెళ్ళాడు. ఆ క్షణం ఇంకా ముగియలేదు. మరునాడు అతని జనాజా నమాజులో నిలబడినవారిలో నేనూ ఉన్నాను. నాటి నుండి సముద్రమంటే నాకు భయం. కాని ఆ భయం సముద్రాన్ని చూసి కలిగినదా, లేక మా తొందరపాటును చూసి కలిగినదా అన్నది నేను ఏనాడూ విచారించుకోలేదు. ఆ యువకుని ప్రశ్న నన్ను విచారించుకొనేలా చేసింది.

"నాయనా! నీ యాత్రకు సంబంధించిన ప్రతి విషయమూ ఒక పుస్తకంలో వ్రాసుకొని రా. చదివిన తరువాత నా అభిప్రాయం చెబుతాను" అన్నాను. రెండు వారాల తరువాత అతడు నిజంగానే ఒక నోటు పుస్తకంతో వచ్చాడు. ఆ పుస్తకం నుండి నేను నేర్చుకున్నదీ, దానిపై మేము ముగ్గురం కూర్చొని చర్చించుకున్నదీ ఈ నెల మీ ముందుంచుతున్నాను. మీ ఇళ్ళలోనూ ఇటువంటి కోరిక గల యువకులు ఉండవచ్చు.

ఐదు రోజులు ఎన్ని రోజులు?

మాల్దీవులు సుమారు 1,200 చిన్న దీవుల సముదాయం. వాటిలో జనం నివసించేవి రెండు వందలకు లోపే. ఈ దీవులన్నీ వలయాకారపు పగడపు దిబ్బల మీద పూసల వలె అమరి ఉంటాయి. అటువంటి వలయాన్ని ప్రపంచమంతా అటాల్ అంటుంది. ఆ మాట పుట్టింది మాల్దీవుల ధివేహీ భాషలోనే. అక్కడివారు తమ పడవను ధోని అంటారు. మన దోనె అన్న పదానికి అది చుట్టమే.

మా యువకుడు ఎంచుకున్నది హువదూ అనే అటాల్. రాజధాని మాలేకు సుమారు 400 కిలోమీటర్ల దక్షిణాన, భూమధ్యరేఖకు కొద్ది దూరంలో ఉన్న ఈ అటాల్ ప్రపంచంలోని అతి పెద్ద అటాల్‌లలో ఒకటి. మాలే నుండి చిన్న విమానంలో సుమారు గంట ప్రయాణించి కాడెద్దూ అనే విమానాశ్రయ దీవిలో దిగాలి. అక్కడి నుండి బస చేసే దీవికి పడవ.

తండ్రిగారు ఈ వివరమంతా విని ఒకే ఒక ప్రశ్న అడిగారు: "ఈ ఐదు రోజులలో నీవు నీటిలో ఉండేది ఎన్ని రోజులు?"

లెక్క వేశాము. మొదటి రోజు హైదరాబాదు నుండి మాలే చేరేసరికి సాయంత్రం. ఆ రాత్రి అక్కడే బస. రెండవ రోజు చిన్న విమానం, పడవ, సామాను విప్పుకోవడం. ఐదవ రోజు ఉదయాన్నే తిరుగు ప్రయాణం. మిగిలినవి మూడవ రోజు, నాలుగవ రోజు. ఆ రెండింటిలో ఒకనాడు గాలి ప్రతికూలంగా వీచినా, అసలు అలలే రాకపోయినా, చేతిలో ఉండేది ఒక్క దినం. ఇంత సొమ్ము వెచ్చించి, ఇంత దూరం వెళ్ళినవాడు ఆ ఒక్క దినాన తీరంలో కూర్చుంటాడా? అల ఎంత పెద్దదైనా దిగుతాడు. మా సహపాఠి దిగినట్లే దిగుతాడు.

ప్రమాదం అలలోనే లేదు, సెలవు లెక్కలో కూడా ఉన్నదని నాకు అప్పుడు అర్థమయింది. కనుక మేము మొదట సరిదిద్దింది ఆ లెక్కనే. అతడు ఆఫీసులో పెట్టదలచిన సెలవు మూడు రోజులు. మిగిలిన రెండు శని, ఆదివారాలు. మరి రెండు రోజులు సెలవు అడిగి, సోమవారం నుండి శుక్రవారం వరకు తీసుకుంటే, రెండు వైపులా ఉన్న వారాంతాలతో కలిసి తొమ్మిది రోజులవుతాయి. శనివారం ప్రయాణం, ఆదివారానికి దీవి, తరువాత ఐదు పూర్తి దినాలు, మళ్ళీ శనివారం తిరుగు ప్రయాణం. రెండు రోజుల సెలవు అదనంగా పెడితే నీటి వద్ద గడిపే దినాలు రెండు నుండి ఐదయ్యాయి. స్వల్పకాలిక యాత్రలు తలపెట్టేవారందరూ ఈ లెక్కను తప్పక వేసుకోవాలి. ఇంకొక మాట: మాల్దీవులలో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. శుక్రవారం నాడు ప్రభుత్వ ఫెర్రీలు చాలావరకు నడవవు. ఆ రోజున దీవి మారే ఆలోచన పెట్టుకోరాదు.

అల మనకన్నా ముందే బయలుదేరుతుంది

నోటు పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఈ అధ్యాయమే. తీరంలో మనం చూసే పెద్ద అల ఆ తీరంలో పుట్టినది కాదు. హువదూకు ఐదు వేల కిలోమీటర్ల దక్షిణాన, అంటార్కిటికా దిశగా ఉన్న మహాసముద్రంలో తుఫాను గాలులు నీటిని రోజుల తరబడి తోస్తాయి. ఆ తోపుడు అలల పరంపరగా మారి ఉత్తరానికి బయలుదేరుతుంది. ఒక అలకూ, తరువాతి అలకూ నడుమ పదిహేను సెకన్ల వ్యవధి గల పరంపర లోతైన సముద్రంలో రోజుకు సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంటే అది హువదూ చేరడానికి దాదాపు ఐదు రోజులు పడుతుంది.

అందుచేత అలల అంచనాను బయలుదేరడానికి వారం ముందు నుండి ప్రతిదినం గమనించాలి. అందులో అల ఎత్తు ఒక్కటే చూడడం చాలదు. వ్యవధి కూడా చూడాలి. ఒకటిన్నర మీటర్ల ఎత్తే అయినా, వ్యవధి ఎనిమిది సెకన్లు గల అల బలహీనం. పదహారు సెకన్లు గల అల అదే ఎత్తుకు మరింత బలంగా దిబ్బను ఢీకొంటుంది. మూడవది గాలి. భూమి వైపు నుండి సముద్రం వైపు వీచే గాలి అలను నిలబెడుతుంది. సముద్రం నుండి వీచే గాలి దానిని చెదరగొడుతుంది.

మాల్దీవులలో రెండు ఋతుపవనాలు. మే నుండి నవంబరు వరకు నైరుతి గాలి. దానిని వారు హుళంగు అంటారు. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు ఈశాన్య గాలి; అది ఇరువై. మాలే పరిసరాలలో దక్షిణపు అలలు అధికంగా వచ్చేది మార్చి నుండి అక్టోబరు వరకు. దూర దక్షిణాన ఉన్న హువదూకు మాత్రం గాలులు తగ్గి దిశ మార్చుకొనే మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనుకూలం. మావాడు జూన్‌లోనే వెళ్ళాలనుకున్నాడు. ఈ సంగతి తెలిసి అక్టోబరుకు మార్చుకున్నాడు.

ఇక్కడ మన పల్లెల వారికి ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. మాల్దీవుల జాలరులు సంవత్సరాన్ని ఇరవై ఏడు నకై భాగాలుగా విభజించి, ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజుల చొప్పున గాలినీ వర్షాన్నీ చేపల రాకనూ లెక్కించేవారు. వాటి పేర్లు కేతి, రోణు, అద... మన రైతు నోట కృత్తిక, రోహిణి, ఆరుద్ర కార్తెలు ఇవే కదా! పేర్లు ఒకటైనా తేదీలు కొంత వేరు. ఏ ఆకాశం కింది లెక్క ఆ ఆకాశానిది. మన తాతలు మడి దున్నడానికి చూసిన లెక్కను వారి తాతలు పడవ దించడానికి చూశారు.

పోటుపాటుల విషయంలో మన ఇళ్ళలోని హిజ్రీ క్యాలెండరే చాలు. నెలవంక కనిపించే రోజుల్లోనూ, పద్నాలుగు, పదిహేను తేదీల్లోనూ నీరు ఎక్కువ ఎక్కుతుంది, ఎక్కువ తీస్తుంది. ఏడు, ఎనిమిది, మళ్ళీ ఇరవై ఒకటి, ఇరవై రెండు తేదీల ప్రాంతంలో ఆ తేడా తక్కువ. మాల్దీవులలో పోటుకూ పాటుకూ నడుమ తేడా మామూలుగా ఒక మీటరుకు లోపే. కాని దిబ్బ మీద ఉండే నీరే నడుము లోతైనప్పుడు, ఆ కొద్దిపాటి తేడాయే ప్రాణానికీ ప్రమాదానికీ నడుమ ఉండే తేడా.

ఇసుక వేరు, పగడం వేరు

"నీవు నేర్చుకున్నది ఎటువంటి చోట?" అని అడిగాను. "ఇసుక అడుగున్న చోట, హజ్రత్" అన్నాడు. ఇసుక మీద పడినవాడు ఒళ్ళు దులుపుకొని లేస్తాడు. పగడం మీద పడినవానికి కుట్లు పడతాయి. పైగా ఇసుక తీరంలో అల తన బలాన్ని కొద్దికొద్దిగా కోల్పోతూ వస్తుంది. పగడపు దిబ్బ వద్ద అలా కాదు; లోతైన నీటి నుండి వచ్చే అల అకస్మాత్తుగా గోడ వంటి దిబ్బకు తగిలి, ఒక్కసారిగా లేచి విరుగుతుంది.

హువదూలో బీకన్స్ అని పిలిచే చోటు అనుభవజ్ఞులు సైతం ఆచితూచి దిగేది. అక్కడ అల బలంగా, అడుగు లోతు తక్కువగా ఉంటుంది. టైగర్ స్ట్రైప్స్, లవ్ చార్మ్స్, ఫైవ్ ఐలండ్స్, బ్లూ బౌల్స్ వంటి ఇతర చోట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క స్వభావం కలవి. ఏ రోజున ఏ చోటు ఎవరికి తగినదో చెప్పగలిగేది ఆ నీటిలో పెరిగిన స్థానికుడే. అతనిని మార్గదర్శిగా నియమించుకొనే సొమ్ము లేకపోతే ఆ యాత్రకు సొమ్ము లేనట్లే.

మాల్దీవుల అలలను బయటి ప్రపంచానికి పరిచయం చేసిన వ్యక్తి చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. 1973లో టోనీ హైండ్ అనే ఆస్ట్రేలియా యువకుడు ప్రయాణిస్తున్న పడవ మాలే ఉత్తర అటాల్‌లోని దిబ్బకు తగిలి చెడిపోయింది. అతడు అక్కడే ఉండిపోయాడు. ఇస్లామ్ స్వీకరించి హుసేన్ అనే పేరు పెట్టుకున్నాడు; అక్కడి స్త్రీనే వివాహమాడాడు. సంవత్సరాల తరబడి ఒక్కొక్క దిబ్బనూ, ఒక్కొక్క ఋతువునూ పరిశీలించాడు. ఎంతో కాలం తరువాతనే ఇతరులను అక్కడికి రప్పించే యాత్రలు ఏర్పాటు చేశాడు. 2008లో తనకు ఎంతో పరిచితమైన పాస్తా పాయింట్ అనే చోట, అల మీద స్వారీ చేసిన కొద్దిసేపటికే నీటిలోనే కన్నుమూశాడు. ముప్పై ఐదేళ్ళు ఆ సముద్రాన్ని చదివినవాడి సంగతి ఇది. మనం ఐదు రోజులు చదవడానికి వెళుతున్నాము. కనుక విద్యార్థి వలెనే వెళ్ళాలి.

విద్యార్థికి నియమాలుండాలి. మేము వ్రాయించినవి ఇవి: నీటిలో దిగేముందు కనీసం అరగంట పడవలో కూర్చొని అలలు ఎన్నెన్ని గుంపులుగా వస్తున్నాయో, ఎక్కడ విరుగుతున్నాయో చూడాలి. లోపలికి వెళ్ళడానికీ బయటికి రావడానికీ దిబ్బల నడుమ ఉండే లోతైన కాలువను వాడాలి. అందులో ప్రవాహం ఏ దిశకు లాగుతున్నదో ముందు తెలుసుకోవాలి. పడినప్పుడు తల ముందుగా దూకరాదు. వెడల్పుగా, పైపైన పడాలి, చేతులతో తలను కాచుకోవాలి. ఒంటరిగా ఎన్నడూ దిగరాదు. మార్గదర్శి వద్దంటే, కారణం అడగవచ్చు కాని వాదించరాదు.

ముగ్గురు, ఒక నాయకుడు

యాత్రకు వెళ్ళేవారు ముగ్గురు. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలన్న ప్రవక్త (స) బోధన మనకు తెలిసినదే. వారు ఎన్నుకున్నది విశాఖపట్నానికి చెందిన మత్స్యకార కుటుంబపు యువకుణ్ణి. అతడు ముస్లిం కాదు. నీటి విషయంలో మాత్రం ముగ్గురిలో పెద్దవాడు అతడే. తండ్రిగారు ఈ సంగతి విని, "సముద్రం మీద బతికే ఇంటి బిడ్డ తోడున్నాడంటే నాకు సగం దిగులు తీరింది" అన్నారు. ప్రార్థనకు ఉపయోగించే విగ్రహాలు, మద్యం, పంది మాంసం మాల్దీవులకు తీసుకురావడం నిషిద్ధమన్న సంగతిని ఆ మిత్రునికి ముందుగానే చెప్పారు. విమానాశ్రయంలో తెలిసి నొచ్చుకోవడం కన్నా ఇంటి వద్దనే తెలుసుకోవడం మేలు.

ఇక సామాను. ఒక్క బోర్డుతో అంత దూరం వెళ్ళరాదు. విరిగితే అక్కడ అంగడి లేదు. ముగ్గురికీ కలిపి కనీసం ఒకటి అదనంగా ఉండాలి. బోర్డును కాలికి కట్టుకొనే తాళ్ళు, అడుగున బిగించే రెక్కలు, వేడి నీటికి తగిన మైనం కూడా రెట్టింపు ఉండాలి. పగడం మీద నడవడానికి మెత్తని బూట్లు, తలకు తేలికపాటి హెల్మెట్ అవసరం. చిన్న విమానాలలో బోర్డు పొడవుకూ బరువుకూ పరిమితులుంటాయి. టికెట్ కొనడానికి ముందే విమాన సంస్థకు వ్రాసి, వారి జవాబును దగ్గర ఉంచుకోవాలి.

భూమధ్యరేఖ వద్ద అక్టోబరు సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలుస్తాడు. మోకాళ్ళ కిందికి వచ్చే నిక్కరు, మణికట్టు వరకు చేతులున్న నీటి చొక్కా ధరిస్తే ఎండ నుండి రక్షణ, సతర్ పాటించడం రెండూ ఒకే వస్త్రంతో నెరవేరుతాయి. పగడపు గాయాన్ని చిన్నదని వదలరాదు. మంచినీటితో బాగా కడిగి, లోపల మిగిలిన పగడపు పొడిని మెత్తని బ్రష్‌తో తీసి, క్రిమినాశకం రాయాలి. లేకపోతే చీము పడుతుంది. ధనుర్వాతం టీకా బయలుదేరేముందే వేయించుకోవాలి.

అటాల్‌లోని పెద్ద ఊరైన తినద్దూలో ఆసుపత్రి ఉంది. కాని తీవ్రమైన గాయమైతే మాలేకు తరలించవలసిందే. ఆ తరలింపు ఖర్చు యాత్ర ఖర్చును మించిపోవచ్చు. బీమా విషయంలో మన పండితుల మధ్య అభిప్రాయ భేదాలున్నాయి; మీరు నమ్మే ముఫ్తీ గారిని సంప్రదించండి. ఏ అభిప్రాయాన్ని అనుసరించినా, ఆపద వస్తే ఆ సొమ్ము ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు జవాబు లేకుండా మాత్రం గడప దాటకండి. ఒంటెను కట్టివేసి ఆ తరువాతనే దైవంపై భారం వేయాలన్న బోధన ఇటువంటి చోటికే వర్తిస్తుంది.

అది ఒకరి ఊరు

మాల్దీవులకు భారతీయులు ముందుగా వీసా తీసుకోనవసరం లేదు; చేరిన తరువాత ఉచితంగా ఇస్తారు. తిరుగు టికెట్టు, బస ఏర్పాటు రుజువు ఉండాలి. ప్రయాణానికి ముందు 96 గంటలలోపు వారి అంతర్జాల పత్రం నింపాలి. చిన్న గెస్టుహౌస్‌లలో 2025 జనవరి నుండి మనిషికి రోజుకు ఆరు డాలర్ల పర్యావరణ పన్ను ఉంది. మారుమూల దీవులలో ఏటీఎంల మీద ఆధారపడక కొంత నగదు దగ్గర ఉంచుకోవాలి.

ఈ కాగితాల కన్నా ముఖ్యమైనది ఒకటుంది. విలాసవంతమైన రిసార్టు దీవులు వేరు, ప్రజలు నివసించే దీవులు వేరు. సామాన్య దీవులలో గెస్టుహౌస్‌లు విరివిగా వచ్చినది 2010 తరువాతనే. అక్కడి వీధులు ఎవరివో ఇంటి ముంగిళ్ళు. తడి నిక్కరుతో, చొక్కా లేకుండా ఆ వీధుల్లో తిరగడం, జమాఅత్ జరుగుతుండగా మస్జిదు పక్కన పాటలు వినడం ఆ ఊరిని అవమానించడమే. 1153లో ఇస్లామ్ స్వీకరించిన దేశమది. ఇబ్న్ బతూతా 1343లో వచ్చి ఖాజీగా పనిచేసిన గడ్డ అది. సముద్రాన్ని చూడడానికి వెళ్ళినవారు ఆ ఊరినీ చూడాలి. హువదూలోని గద్దూ దీవి స్త్రీలు ఎండబెట్టిన గడ్డితో, నలుపు, పసుపు రంగులు కలిపి నేసే చాపలు ఎంతో ప్రసిద్ధమైనవి. అలలు లేని దినాన ఆ మగ్గం వద్ద ఒక గంట కూర్చోవడం వృథా కాలక్షేపం కాదు.

నమాజు గురించి మావాడు చాలా ప్రశ్నలే అడిగాడు. హనఫీ మస్లక్ ప్రకారం ఒకచోట పదిహేను రోజుల కన్నా తక్కువ ఉండే సంకల్పం గలవాడు ముసాఫిరే. నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు. స్థానిక ఇమాము వెనుక నిలబడితే మాత్రం పూర్తిగా చేయాలి. అక్కడివారు అధికంగా షాఫియీ మస్లక్ అనుసరిస్తారు. చిన్న చిన్న భేదాలు చూసి ఆశ్చర్యపడనవసరం లేదు. భూమధ్యరేఖ వద్ద ఏడాది పొడవునా సూర్యుడు ఆరు గంటల ప్రాంతంలోనే ఉదయించి, ఆరు గంటల ప్రాంతంలోనే అస్తమిస్తాడు. కనుక ఫజ్ర్ నుండి జుహ్ర్ వరకు దాదాపు ఆరేడు గంటల నిరాటంకమైన సమయం ఉంటుంది. నీటి పని ఉదయమే ముగించుకుంటే ఏ నమాజూ తొందరలో పడదు. ఖిబ్లా విషయంలో జాగ్రత్త అవసరం. హైదరాబాదులో ఖిబ్లా దాదాపు పడమరే. హువదూ నుండి చూస్తే అది పడమరకూ ఉత్తరానికీ నడుమ ఉంటుంది. పడవలో అలవాటు కొద్దీ అస్తమయం వైపు నిలబడితే దిశ తప్పుతుంది.

ఒక కాగితం

నోటు పుస్తకంలో చివరి పుట ఖాళీగా ఉంది. "ఇక్కడ ఏమి వ్రాయాలి, హజ్రత్?" అన్నాడు. "నీవు ఎవరికి ఎంత బాకీ ఉన్నావో, నీకు ఎవరు బాకీ ఉన్నారో, ఎవరి అమానతు నీ వద్ద ఉన్నదో వ్రాయి. వసియ్యతు అంటే వృద్ధుల పని అనుకోకు" అన్నాను. తండ్రిగారు ముఖం తిప్పుకున్నారు. కుమారుడు మౌనంగా కలం తీసుకొని వ్రాశాడు. అందులో మొదటి పంక్తి తన చెల్లెలి దగ్గర తీసుకున్న రెండు వేల రూపాయలు. ఆ సొమ్ము మరునాడే చెల్లించాడని తండ్రి తరువాత చెప్పారు. తండ్రి అనుమతి ఇచ్చింది కూడా ఆ రోజే.

గురువారం

అక్టోబరు చివర అతడు తిరిగివచ్చి, ముందుగా నా దగ్గరకే వచ్చాడు. ముఖం నల్లబడింది, మోచేతి మీద మానుతున్న గీతలు రెండు. సోమ, మంగళవారాలలో అలలు చిన్నవిగా, అందంగా వచ్చాయట. బుధవారం గాలి చెడింది. ఆ రోజు గద్దూ వెళ్ళి చాపల మగ్గం చూశారట. తల్లికి ఒక చిన్న చాప తెచ్చాడు.

"గురువారం ఉదయం పెద్ద అలలు వచ్చాయి హజ్రత్. శనివారం మేము ఇల్లు వదిలిన రోజే అవి కూడా తమ చోటు వదిలి బయలుదేరాయని పటంలో చూశాము. ధోనిలో కూర్చొని అరగంట గమనించాము. మా విశాఖ మిత్రుడు, మార్గదర్శి ఇద్దరూ దిగారు. నా వైపు చూసి మార్గదర్శి తల అడ్డంగా ఊపాడు. నేను దిగలేదు" అన్నాడు.

"బాధ కలిగిందా?" అని అడిగాను.

"కలిగింది. కాని శుక్రవారం ఇంకా మిగిలి ఉంది కదా అనుకున్నాను. ఐదు రోజుల యాత్రే అయితే నాకు దక్కేది ఆ ఒక్క గురువారమే, హజ్రత్. అప్పుడైతే దిగేవాణ్ణే."

శుక్రవారం ఉదయం అలలు తగ్గాయి. రెండు గంటలు ఆడుకొని, స్నానం చేసి, ఆ దీవి ప్రజలతో కలిసి జుమా నమాజు చేశాడట. ముసాఫిరుకు జుమా విధి కాకపోయినా, ఆ వరుసలో నిలబడినప్పుడు తనకు పరాయి దేశంలో ఉన్నట్లు అనిపించలేదన్నాడు.

అతడు ఈ మాటలు చెబుతుండగా తండ్రిగారు కూడా వచ్చి వసారా మెట్టు మీద కూర్చున్నారు. గురువారం సంగతి ఆయన అప్పటికే విన్నట్లున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి లేస్తూ, "మౌలానా సాబ్! వచ్చే ఏడాది కూడా వెళతానంటున్నాడు. వెళ్ళనివ్వండి. దిగకుండా కూర్చోవడం నేర్చుకున్నాడు" అన్నారు.

వారు వెళ్ళిన తరువాత నా సహపాఠి గుర్తుకు వచ్చాడు. ఆనాడు బస్సు మరొక గంట ఆగి ఉంటే, లేదా "రేపు మళ్ళీ వద్దాం" అని మాలో ఒక్కరైనా అతనితో అని ఉంటే! పాఠకులారా, మీ పిల్లలు దూరప్రయాణం తలపెట్టినప్పుడు వద్దని చెప్పడానికి ముందు, వారితో కూర్చొని రోజులు లెక్కించండి. వారి యాత్రలో ఒక దినాన్ని ఖాళీగా ఉంచండి. దిగకుండా తిరిగి రావడానికి ఆ ఒక్క దినం వారికి వీలు కల్పిస్తుంది.